ఫ్రాన్స్, జర్మనీ పుట్టు శత్రువులా? అపోహలు - వాస్తవాలు

యూరప్ చరిత్ర బోధించే నాకు తరగతి గదిలో ఏటా ఎదురయ్యే నమ్మకం ఒకటుంది. ఫ్రెంచివారు, జర్మన్లు మొదటి నుంచీ వేర్వేరు జాతులనీ, వారి మధ్య పోరే యూరప్ కథ అనీ. ఆధారాలు చూస్తే, ఒకరి సొత్తుతో మరొకరు తమ గుర్తింపును కట్టుకున్నారని తెలుస్తుంది.

అపోహ: ఇది వెయ్యేళ్ల వైరం.

వాస్తవం: 843లో వెర్దన్ ఒప్పందంతో పశ్చిమ యూరప్‌లో చాలా భాగాన్ని ఏలిన చక్రవర్తి షార్లెమేన్ సామ్రాజ్యాన్ని ఆయన మనవలు ముగ్గురూ దాయాదుల్లా పంచుకున్నారు. పడమటి వాటా నుంచి ఫ్రాన్స్, తూర్పు వాటా నుంచి జర్మనీ రూపుదిద్దుకున్నాయి. ఆ తర్వాత యుద్ధాలు చాలానే జరిగాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం రాజవంశాల పోరాటాలు. నెపోలియన్ పక్షాన జర్మన్ రాజ్యాలైన బవేరియా, శాక్సనీల సైనికులు పోరాడారు. జాతి మొత్తం శత్రువనే భావన జనంలో వేళ్లూనుకున్నది 19వ శతాబ్దంలోనే. 1871లో ఓడిన ఫ్రాన్స్ గడ్డ మీద, వెర్సాయ్ అద్దాల మందిరంలో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించడం ఆ వైరాన్ని మరింత లోతు చేసింది.

అపోహ: కోసు తోరణాలు, పెద్ద కిటికీలతో ఎత్తుగా లేచే గోథిక్ శైలి చర్చిలు జర్మన్ ఆత్మకు ప్రతిరూపాలు.

వాస్తవం: ఈ అపోహకు గొప్ప వంశావళే ఉంది. స్ట్రాస్‌బర్గ్ కెథడ్రల్‌ను చూసి పరవశించిన జర్మన్ కవి, అప్పటికి యువకుడైన గోథే, 1772లో వెలువడిన వ్యాసంలో అది జర్మన్ వాస్తుకళ అని ప్రకటించాడు. అప్పటికి ఆ నగరం ఫ్రాన్స్ ఏలుబడిలో ఉంది! నిజానికి గోథిక్ శైలి పుట్టింది పారిస్ పక్కనున్న సాన్ దెనీ మఠంలో. అక్కడ సుజే మఠాధిపతి కట్టించిన భాగాన్ని 1144లో ప్రతిష్ఠించారు. 1248లో మొదలైన కొలోన్ కెథడ్రల్‌కు నమూనా ఫ్రాన్స్‌లోని అమియెన్ చర్చి. 16వ శతాబ్దంలో ఆగిపోయిన దాని పనిని 1842లో మళ్లీ చేపట్టి 1880లో పూర్తి చేసి, జర్మన్ ఐక్యతకు చిహ్నంగా నిలిపారు. గోథిక్ మూలం ఫ్రాన్స్ అని పరిశోధకులు అప్పటికే తేల్చారు. అయినా నమ్మకం చెదరలేదు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఆ మొండితనమే.

అపోహ: గ్రిమ్ సోదరులు సేకరించిన కథలు అచ్చమైన జర్మన్ పల్లె జనం నోటి కథలు.

వాస్తవం: వారికి కథలు చెప్పినవారిలో కాసెల్ పట్టణానికి చెందిన హాసెన్‌ఫ్లుగ్ అక్కచెల్లెళ్లు ముఖ్యులు. వారి తల్లి వైపువారు ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్ శరణార్థులు, అంటే హ్యూగనాట్ల సంతతి. ఎన్నో కథలు చెప్పిన డొరోథియా ఫీమాన్ పూర్వీకులూ హ్యూగనాట్లే. 1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛ శాసనాన్ని రద్దు చేశాక, తరిమివేతకు గురైన ఆ కుటుంబాలను జర్మన్ రాజ్యాలు ఆదరించాయి. 1812 నాటి మొదటి కూర్పులో ఉన్న ‘బూట్లు తొడిగిన పిల్లి’, ఫ్రెంచి రచయిత పెరో 1697లో ప్రచురించిన కథకు మరీ దగ్గరగా ఉండటంతో, తర్వాతి కూర్పు నుంచి దాన్ని తీసేశారు. ఆ మొదటి కూర్పు వెలువడే నాటికి కాసెల్‌ను ఏలుతున్నది నెపోలియన్ తమ్ముడు జెరోమ్. యాకబ్ గ్రిమ్ ఆయన దగ్గరే గ్రంథపాలకుడు. పరాయి ఏలుబడిలో ఉండి ‘మనది’ అనదగిన దాన్ని వెతికినప్పుడు, దొరికినదాంట్లో సగం పొరుగింటిదే అయినా ఆశ్చర్యపడనక్కర్లేదు.

అపోహ: ఫ్రెంచి జాతీయ గీతం పారిస్‌లో పుట్టింది.

వాస్తవం: 1792 ఏప్రిల్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో రూజే ద లీల్ దాన్ని రాశాడు. అంకితమిచ్చింది ఫ్రెంచి సేనాధిపతి లుక్నర్‌కు. ఆయన పుట్టింది బవేరియాలో.

అపోహ: 1963లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ చేసుకున్న ఎలిసే మైత్రీ ఒప్పందంతోనే స్నేహం మొదలైంది.

వాస్తవం: ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గోల్, పశ్చిమ జర్మనీ చాన్సలర్ అడెనవర్‌ల సంతకాలకు నేను విలువ తగ్గించను. కానీ వాటికి పదమూడేళ్ల ముందే, 1950లో, ఫ్రాన్స్‌లోని మోంబెలియార్, జర్మనీలోని లుడ్‌విగ్స్‌బర్గ్ జంట నగరాలయ్యాయి, అంటే దూరదూరంగా ఉన్నా అధికారికంగా స్నేహబంధం కుదుర్చుకున్నాయి. మోంబెలియార్ మేయర్ లూసియాన్ తారాదాన్ నాజీల బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడ్డవాడు. మోంబెలియార్ ఫ్రెంచి విప్లవం దాకా దాదాపు నాలుగు వందల ఏళ్లు లుడ్‌విగ్స్‌బర్గ్‌ను కట్టించిన జర్మన్ రాజవంశమైన వుర్టెంబెర్గ్ చేతిలోనే ఉంది.