ఎమర్జెన్సీ బల్బుకి కరెంటు పోయిందని ఎలా తెలుస్తుంది? అపోహలు – వాస్తవాలు

నేను ఎల్‌ఈడీ బల్బులు రిపేరు చేస్తుంటాను. కరెంటు పోగానే దానంతటదే వెలిగే ఛార్జింగ్ బల్బు తెచ్చే వాళ్లలో చాలామంది బల్బు పాడైందని తెస్తారు. విప్పి చూస్తే సగం బాగానే ఉంటాయి. బాగున్న బల్బును పారేస్తుంటే నాకు బాధగా ఉంటుంది, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: బల్బులో చీకటిని పసిగట్టే సెన్సర్ ఉంటుంది.

లేదు. ఉంటే రాత్రి పడుకునే ముందు స్విచ్ ఆపగానే మళ్లీ వెలిగేది. పట్టపగలు కరెంటు పోతే వెలిగేది కాదు.

అపోహ: కరెంటు ఆగితే చాలు, బ్యాటరీ మీద వెలిగిపోతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మీరు స్విచ్ ఆపినా, వీధంతా కరెంటు పోయినా బల్బు దగ్గర వోల్టేజీ ఒకేలా సున్నా అవుతుంది. బల్బుకి ఉన్నవి రెండే కొనలు. స్విచ్ ఏ స్థితిలో ఉందో చెప్పే మూడో వైరు లేదు. అయినా స్విచ్ ఆపితే ఆరిపోతుంది, కరెంటు పోతే వెలుగుతుంది.

వోల్టేజీ పోగానే లోపలి సర్క్యూట్ తన 3.7 వోల్టుల బ్యాటరీ నుంచి, పెద్ద రెసిస్టర్ గుండా, అతి చిన్న కరెంటును ఒక కొన నుంచి బయటికి పంపి చూస్తుంది. అది ఇంటి వైరింగ్‌లో తిరిగి రెండో కొనకి చేరితే దారి ఉన్నట్టు. స్విచ్ ఆపి ఉంటే దారి అక్కడే తెగిపోతుంది కాబట్టి చేరదు, బల్బు వెలగదు. స్విచ్ వేసి ఉండగా సరఫరా ఆగిందనుకోండి. అప్పుడు కూడా ఫేజు, న్యూట్రల్ వైర్లు ఇంట్లోని ఫ్రిజ్, మోటారు, పక్కిళ్లలోని లోడులు (అంటే కరెంటు వాడే పరికరాలు), వీధి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట గుండా కలిసే ఉంటాయి. కరెంటు పోతుంది గానీ దారి పోదు. ఆ దారి దొరికితే "స్విచ్ వేసే ఉంది, కరెంటే పోయింది" అని సర్క్యూట్ తేల్చుకుని బల్బును వెలిగిస్తుంది. ఇంత చిన్న సర్క్యూట్‌లో ఇంత చక్కని ఆలోచన ఉండటం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

అపోహ: చేతిలో పట్టుకుంటే వెలుగుతోందంటే మన ఒంట్లోని కరెంటుతో వెలుగుతోంది, లేదా షాక్ కొడుతుంది.

రెండూ కావు. బల్బు అడుగున ఉన్న రెండు చుక్కలను వేలితో తాకితే, ఇంటి వైరింగ్ చేసే పని మీ వేలు చేస్తుంది. పొడి చర్మానికి రెసిస్టెన్స్ లక్ష ఓంలు దాటినా ఆ సర్క్యూట్‌కి సరిపోతుంది. తడి వేలైతే ఇంకా తేలిక. వేలి గుండా వెళ్లేది మైక్రో ఆంపియర్లలోనే ఉంటుంది, మీకు తెలియను కూడా తెలియదు. వెలిగించే శక్తంతా బ్యాటరీదే. ఒక్క జాగ్రత్త: హోల్డర్ నుంచి తీసిన వెంటనే చుక్కలు ముట్టుకోకండి. నాసిరకం బల్బుల్లో కెపాసిటర్‌లో కాసేపు ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.

అపోహ: బల్బున్న గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గదికి ఉండే ట్రిప్ స్విచ్) ఆపితే వెలగలేదు, కాబట్టి బల్బు పాడైంది.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ఆ ఎంసీబీ కింద ఇంకే లోడూ ఆన్‌లో లేకపోతే కరెంటు తిరిగి రావడానికి దారే లేదు. బల్బుకి అది స్విచ్ ఆపినట్టే కనిపిస్తుంది. సరిగా పరీక్షించాలంటే ఎంసీబీలన్నీ ఆన్‌లోనే ఉంచి మెయిన్ స్విచ్ ఆపండి. బల్బు స్విచ్ వేసి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి దాని స్విచ్ కూడా వేయండి. ఇస్త్రీ పెట్టె కాయిల్ గుండా దారి పూర్తవుతుంది, బల్బు వెలగాలి. మెయిన్ మళ్లీ వేసే ముందు ఇస్త్రీ పెట్టె తీసేయడం మాత్రం మర్చిపోవద్దు.

అపోహ: ఆ కరెంటు వెనక్కి వెళ్లి స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి తగులుతుంది.

బల్బు పంపేది కొద్ది వోల్టులు, అదీ పెద్ద రెసిస్టర్ వెనక నుంచి. దానితో ఎవరికీ ఏమీ కాదు. లైన్‌మన్ ప్రాణం మీదికి తెచ్చేది ఛేంజ్‌ఓవర్ (బయటి లైనును విడదీసి జనరేటర్‌కి మార్చే స్విచ్) లేకుండా ఇంటి వైరింగ్‌కి కలిపిన జనరేటర్. టెన్షన్ పడాల్సింది దాని గురించి.

అపోహ: హోల్డర్‌లో ఉంటే చాలు, ఛార్జ్ అవుతుంది. కరెంటు పోయినా అదే వెలుతురు ఇస్తుంది.

స్విచ్ వేసి ఉన్నప్పుడే ఛార్జ్ అవుతుంది. రోజుకి పది నిమిషాలు వాడే బాత్‌రూమ్‌లో పెడితే అవసరానికి పనికిరాదు. వెలుతురు లెక్క కూడా చూడండి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది సుమారు 8 వాట్ అవర్లు. 9 వాట్లతో వెలిగితే గంట కూడా రాదు. అందుకే బ్యాటరీ మీద 2 వాట్ల దగ్గరికి తగ్గించి నాలుగు గంటలు లాగుతారు.

అపోహ: ఇన్వర్టర్ లైను మీద పెడితే ఇంకా మంచిది.

ఇన్వర్టర్ కరెంటు ఇస్తున్నంతసేపూ బల్బుకి కరెంటు పోయిన సంగతే తెలియదు. ఇన్వర్టర్ లేని పాయింటులో పెట్టుకోండి.

అపోహ: స్విచ్ ఆపినా ఆరడం లేదంటే బల్బులో షార్ట్ ఉంది.

ముందు స్విచ్‌ను అనుమానించండి. వేలు చాలే సర్క్యూట్‌కి తడి పట్టిన స్విచ్ కూడా చాలు. కొన్ని ఎలక్ట్రానిక్ స్విచ్‌లు ఆపినా వాటి గుండా సన్నగా కరెంటు కారుతూనే ఉంటుంది. బల్బును తీసి ఒట్టి బల్లమీద పెట్టండి. అక్కడ ఆరిపోతే బల్బు బాగున్నట్టే, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ స్విచ్ బోర్డు విప్పించి చూపించండి.