అడవి ఖర్చు ఆటస్థలం మీద: మెయిజీ జింగూ గొడవ వెనక కథ

టోక్యోలో హరాజుకు స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే మెయిజీ జింగూ ఆలయం అడవి మొదలవుతుంది. పెద్ద కొయ్య తోరణం దాటాక కంకర బాట. దాని మీద రాలిన ఆకులను పొడవాటి చీపుళ్లతో ఊడ్చి, పారేయకుండా మళ్లీ చెట్ల కిందికే చేరుస్తారు. టికెట్ లేదు. కొత్త సంవత్సరం మొదటి మూడు రోజుల్లోనే దాదాపు 30 లక్షల మంది వస్తారు. అయినా కొన్నేళ్లుగా ఈ షింటో (జపాన్ సంప్రదాయ మతం) ఆలయం వార్తల్లోకి ఎక్కుతున్నది చెట్ల నరికివేత వల్ల.

నరికేది ఈ అడవిలో కాదు, కాస్త దూరంలో ఉన్న గాయెన్‌లో. అంటే ఆలయం బయటి తోట.

మెయిజీ చక్రవర్తి 1912లో చనిపోయాక, ఆయన పేరిట 1920లో ఆలయం వెలిసింది. దేశం నలుమూలల నుంచి సుమారు లక్ష చెట్లు కానుకగా వచ్చాయి, యువజన సంఘాలు వచ్చి నాటాయి. గంభీరంగా ఉండే సుగి (జపాన్ దేవదారు) చెట్లే కావాలని ప్రధాని ఒకుమా పట్టుబట్టాడు. నగరం పొగకు అవి బతకవని అటవీ శాస్త్రవేత్త హోండా సెయిరోకు బృందం ఒప్పుకోలేదు. నూరేళ్ల తర్వాత ఎవరూ నాటకుండానే పెరిగే అడవి వాళ్ల లెక్క. ప్రధాని మాట నెగ్గకపోవడమే ఈ అడవి అదృష్టం.

గాయెన్ కూడా జనం చందాలతోనే 1926లో పూర్తయింది. గింకో చెట్ల బాట, చిత్రశాల, బేస్‌బాల్ స్టేడియం అక్కడివే.

1945 ఏప్రిల్ బాంబుదాడిలో ప్రధాన ఆలయం కాలిపోయింది. అదే డిసెంబరులో యుద్ధంలో ఓడిన జపాన్‌ను ఆక్రమించిన మిత్రదేశాల సైన్యం ఆదేశంతో ప్రభుత్వ పోషణా ఆగింది. మన దేవాదాయ శాఖ లాంటిది అక్కడ లేదు. మత సంస్థలకు ప్రజాధనం ఇవ్వకూడదని రాజ్యాంగమే చెబుతుంది. గాయెన్ ఆలయం చేతికొచ్చాక స్టేడియం, పెళ్లి మందిరాల రాబడే అడవిని పోషిస్తూ వచ్చింది.

ఇప్పుడా స్టేడియం పాతబడింది. కొత్తది కట్టాలంటే డబ్బు కావాలి. ఒలింపిక్స్ కోసమని 2013లో అక్కడ భవనాల ఎత్తు పరిమితులు సడలించడంతో ఆ డబ్బుకు దారి దొరికింది. పక్కనే సుమారు 190 మీటర్ల టవర్లు లేపే ప్లాన్‌కు 2023లో అనుమతి వచ్చింది. సంగీతకారుడు సకమోతో ర్యుయిచి చనిపోయే ముందు, ఆపమని టోక్యో గవర్నర్‌కు ఉత్తరం రాశారు. 2024 అక్టోబరులో చెట్లు నరకడం మొదలైంది.

ఆలయానిది అత్యాశ అని కొట్టిపారేయలేం. కానీ జనం చందాలతో వెలిసిన తోట విషయంలో జనాన్ని ముందే అడగాల్సింది. గింకో బాటను ముట్టుకోమని నిర్మాణదారులు అంటున్నారు. కొత్త స్టేడియం పునాదులతో వేళ్లు దెబ్బతింటాయన్నది వ్యతిరేకుల టెన్షన్. పనులు 2036 దాకా సాగుతాయన్నది మొదటి అంచనా.