ప్రొపేన్ ట్యాంకర్ ఖాళీ చేసేటప్పుడు: షెడ్డులో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

గేటు దగ్గర కాగితాలు చూపించి లోపలికొచ్చిన ట్యాంకర్, లోడు దించి మళ్లీ గేటు దాటడానికి మామూలుగా కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లో చేసే పనులన్నీ రోజూ చేసేవే. కానీ ఏది ముందు, ఏది వెనక అన్న వరసలోనే ప్రాణాలు నిలబడేదీ పోయేదీ ఉంటుంది. ఆ వరసను చెడగొట్టే మాటలు కొన్ని బాట్లింగ్ ప్లాంట్లలోనూ, సొంతంగా బల్క్ ట్యాంకులు పెట్టుకున్న ఫ్యాక్టరీల్లోనూ తరచూ వినబడుతుంటాయి.

అపోహ: ప్రొపేన్ అయినా ఎల్‌పీజీ అయినా ఒకటే. ఏ బుల్లెట్‌లోకైనా (గ్యాసు నిల్వ ఉంచే పొడవాటి ట్యాంకులోకైనా) దించుకోవచ్చు.

మన వంటింటి ఎల్‌పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్‌కు సున్నా దాకా రావాలి. అందుకే ఒకే ఎండలో రెండింటి ప్రెజర్ వేరు. ట్యాంకు లోపల 55 డిగ్రీలుంటే బ్యూటేన్ ప్రెజర్ గేజీ మీద (చదరపు సెంటీమీటరుకు) 5 కేజీలు కూడా చూపించదు, స్వచ్ఛమైన ప్రొపేన్ 18 కేజీలు దాటుతుంది. మిశ్రమం కోసం తక్కువ ప్రెజర్‌కు కట్టిన బుల్లెట్‌లో ప్రొపేన్ పోస్తే మే నెల మధ్యాహ్నం సేఫ్టీ వాల్వ్ లేస్తుంది. కాబట్టి ఇన్వాయిస్‌లో సరుకు పేరు, బుల్లెట్ నేమ్‌ప్లేట్ మీద డిజైన్ ప్రెజర్, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సులో రాసిన సరుకు, ఈ మూడూ కలిస్తేనే హోస్ చేతిలోకి తీసుకోవాలి.

రెండో తేడా చోటు విషయంలో వస్తుంది. ఒక లెక్క చూడండి. బుల్లెట్ నీటి కొలత, అంటే లోపలి మొత్తం చోటు, 100 ఘనపు మీటర్లు. 85 శాతం వరకే నింపుతాం కాబట్టి పట్టేది 85. ఇప్పటికే 50 ఉంటే మిగిలిన చోటు 35. ట్యాంకర్‌లో 18 టన్నులు వచ్చాయి. 30 డిగ్రీల దగ్గర సగం సగం మిశ్రమం సాంద్రత సుమారు 0.53 (ఘనపు మీటరుకు టన్నుల్లో), అంటే 34 ఘనపు మీటర్లు. సరిపోతుంది. అదే 18 టన్నుల ప్రొపేన్ అయితే సాంద్రత 0.485 దగ్గరుంటుంది, 37 ఘనపు మీటర్లు కావాలి. పట్టదు. టన్నులు చూసి వాల్వ్ తెరిచినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

అపోహ: ఆ 85 శాతం కాగితం మీద నిబంధనే. 92, 93 దాకా వెళ్లినా ఏం కాదు.

15 నుంచి 40 డిగ్రీలకు వెళ్తే ద్రవ ప్రొపేన్ దాదాపు 8 శాతం ఉబ్బుతుంది. పైన ఆవిరి ఉన్నంతసేపూ ఆ ఉబ్బుకు చోటుంటుంది. ఆ చోటు పోయి ట్యాంకు నిండా ద్రవమే ఉంటే ఒక్కో డిగ్రీకీ ప్రెజర్ అమాంతం ఎగబాకుతుంది, ఎందుకంటే ద్రవం నొక్కుకుపోదు. 1978 జూలై 11న స్పెయిన్‌లోని లాస్ అల్ఫాకెస్ దగ్గర మోతాదుకు మించి ప్రొపిలీన్ నింపిన ట్యాంకర్ పేలి పక్కనున్న క్యాంపులో 200 మందికి పైగా చనిపోయారు. రెండు వాల్వ్‌ల మధ్య పైపులో చిక్కుకున్న ద్రవానికీ ఇదే సూత్రం. ఆ ముక్కకు వేడికి పెరిగిన ప్రెజర్‌ను వదిలే థర్మల్ రిలీఫ్ వాల్వ్ లేకపోతే ఎండకు గాస్కెట్ ఊడొస్తుంది.

అపోహ: ఎర్తింగ్ క్లిప్ తగిలించాం కదా, ఇక స్టాటిక్ కరెంటు గొడవ లేదు.

క్లిప్ ఎక్కడ తగిలించారు? రంగు మీద, తుప్పు మీద తగిలిస్తే అది అలంకారమే. ట్యాంకర్‌కు ఇచ్చిన ఎర్తింగ్ బాస్‌ను (క్లిప్ పట్టించే లోహపు దిమ్మను) శుభ్రంగా తుడిచి, పళ్లు లోహంలో దిగేలా పట్టించి, 10 ఓమ్‌ల లోపు ఉందో లేదో చూడాలి. వరస కూడా ముఖ్యమే. హోస్ కంటే ముందు ఎర్తింగ్ పెట్టాలి, హోస్ విప్పాకే ఎర్తింగ్ తియ్యాలి. మూసిన పైపు లోపల గాలి ఉండదు కాబట్టి అక్కడ నిప్పురవ్వ పుట్టినా అంటుకునేదేం లేదు. కలిపేటప్పుడూ విప్పేటప్పుడూ మూతి దగ్గర గ్యాసూ గాలీ కలుస్తాయి. రవ్వ పుట్టకూడని క్షణం అదే. చాలామంది సరిగ్గా అప్పుడే క్లిప్ తీసేస్తారు.

అపోహ: ఎక్సెస్ ఫ్లో వాల్వ్ ఉంది. హోస్ తెగినా దానంతటదే మూసుకుంటుంది.

ఈ మాట మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది ధీమా దీని మీదే. ఎక్సెస్ ఫ్లో వాల్వ్‌లో ఉన్నది ఒక స్ప్రింగ్, ఒక డిస్క్. ప్రవాహం దాని సెట్టింగ్‌ను దాటితేనే డిస్క్ స్ప్రింగ్‌ను జయించి సీటు మీద కూర్చుంటుంది. ఆ సెట్టింగ్ మామూలు ప్రవాహం కంటే చాలా పైన ఉంటుంది. ట్యాంకర్ మూతి దగ్గరే హోస్ పూర్తిగా ఊడితే సరే, మూసుకుంటుంది. హోస్‌కు చీలిక పడితే, గాస్కెట్ పక్కకు జరిగితే, దాని తర్వాతి వాల్వ్ సగమే తెరిచి ఉంటే, మధ్యలో సన్నటి పైపు ఉంటే, లీకయ్యే గ్యాసు ఆ సెట్టింగ్‌ను చేరదు. వాల్వ్ దృష్టిలో అంతా మామూలుగానే ఉంటుంది, గ్యాసు పోతూనే ఉంటుంది.

1996 సెప్టెంబర్ 8న అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం శాన్‌ఫర్డ్‌లో ఇదే జరిగింది. ప్రొపేన్ దించుతుండగా హోస్ కప్లింగ్ నుంచి ఊడి పాములా కొట్టుకోవడం మొదలుపెట్టింది. డ్రైవర్ ఇంజిన్ ఆపాడు గానీ ట్యాంకర్ వాల్వ్ మూసే రిమోట్ మీట దగ్గరకు చేరలేకపోయాడు. ఎక్సెస్ ఫ్లో పని చెయ్యలేదు. స్టోరేజీ వైపు బ్యాక్ ఫ్లో చెక్ వాల్వ్ కూడా మూసుకోలేదు, దాంతో స్టోరేజీ ట్యాంకుల్లోని సరుకు కూడా వెనక్కి వచ్చేసింది. 35,000 గ్యాలన్లకు పైగా, అంటే లక్షా ముప్పై వేల లీటర్లకు మించి ప్రొపేన్ బయటపడింది. అదృష్టం కొద్దీ అంటుకోలేదు. తర్వాత 1999లో అమెరికా రవాణా శాఖ తెచ్చిన నిబంధన ప్రకారం, హోస్ పూర్తిగా ఊడితే మనిషి చెయ్యి పడకుండానే 20 సెకన్లలో ప్రవాహం ఆగాలి.

అందుకని హోస్ కలపకముందే దాన్ని మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడిమి చూడాలి. పై రబ్బరు తెగి లోపలి తీగ కనిపించినా, కప్లింగ్ పక్కన మెత్తగా ఉబ్బినా, పరీక్ష తేదీ పట్టీ చెరిగిపోయినా పక్కన పెట్టెయ్యాలి. ప్రవాహం మొదలుపెట్టే ముందు ఎమర్జెన్సీ బటన్ నొక్కి రిమోట్ వాల్వ్ నిజంగా మూసుకుంటోందో లేదో కళ్లారా చూడాలి. ప్యానెల్ మీద దీపం వెలిగితే సరిపోదు, వాల్వ్ స్టెమ్ తిరిగిందా అన్నది చూడాలి. మొదటి అయిదు నిమిషాలు నెమ్మదిగా పంపిస్తూ ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు పూయాలి.

ఎక్సెస్ ఫ్లో వాల్వ్‌తోనే ఇంకో చిక్కు ఉంది. తొందరలో వాల్వ్ ఒక్కసారిగా తెరిచినా, కంప్రెసర్‌తో ట్యాంకర్ వైపు ప్రెజర్ మరీ ఎక్కువ ఎక్కించినా డిస్క్ ‘టక్’మని మూసుకుంటుంది. అప్పుడు సుత్తితో కొట్టేవాళ్లున్నారు. అది మహా తప్పు. దాని తర్వాతి వాల్వ్ మూసేసి ఆగండి. డిస్క్‌లో ఉన్న సన్నని బెజ్జం గుండా రెండు వైపులా ప్రెజర్ సమానమయ్యాక స్ప్రింగే దాన్ని వెనక్కి నెడుతుంది, ఆ చప్పుడు వినిపిస్తుంది. తర్వాత పావు తిప్పు, పావు తిప్పుగా తెరవాలి. స్టోరేజీ కంటే ట్యాంకర్‌లో రెండు మూడు కేజీల తేడా ఉంటే చాలు, ద్రవం దానంతటదే కదులుతుంది.

అపోహ: హోస్‌లో మిగిలింది గుక్కెడు. గాలికి వదిలేస్తే పోతుంది.

రెండంగుళాల హోస్, నాలుగు మీటర్ల పొడవు. లోపల పట్టేది సుమారు 8 లీటర్ల ద్రవం. ఒక లీటరు ద్రవ ప్రొపేన్ సుమారు 270 లీటర్ల ఆవిరి అవుతుంది. అంటే 2,000 లీటర్లు దాటుతుంది. గాలిలో 2.1 శాతం ఉంటే చాలు, ప్రొపేన్ అంటుకుంటుంది. ఆ లెక్కన ‘గుక్కెడు’ గ్యాసు 100 ఘనపు మీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. అది ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదంత. ముందు ట్యాంకర్ వైపు వాల్వ్ మూసి, హోస్‌లోని ద్రవాన్ని స్టోరేజీలోకి లాగి, మిగిలిన కాస్త ఆవిరిని ఎత్తయిన వెంట్ పైపు గుండా వదిలి, గేజీ సున్నా చూపించాకే కప్లింగ్ మీద చెయ్యి వెయ్యాలి. తోలు గ్లోవ్స్ తప్పనిసరి. గుడ్డ గ్లోవ్స్ ద్రవాన్ని పీల్చుకుని చర్మానికి అంటిపెట్టేస్తాయి, మైనస్ 42 డిగ్రీల పుండు నిప్పు పుండు కంటే తక్కువేం కాదు.

అపోహ: ద్రవం అయిపోయింది కాబట్టి ట్యాంకర్ ఖాళీ.

18 టన్నుల ట్యాంకర్ నీటి కొలత 42 ఘనపు మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ప్రొపేన్ అయితే, ద్రవం చుక్క లేకపోయినా ఆ చోటు నిండా ఉన్న ఆవిరి దాదాపు 900 కిలోలు. సైట్ గ్లాసులో (పైపుకు పెట్టిన అద్దపు కిటికీలో) బుడగలు కనబడి, హోస్ వణుకు మారగానే ద్రవం లైను మూసి, కంప్రెసర్ దిశ మార్చే ఫోర్ వే వాల్వ్ తిప్పి ఆవిరిని వెనక్కి తీసుకోవాలి. దాన్ని బుల్లెట్‌లో ద్రవం అడుగు నుంచి పంపితే చల్లబడి కలిసిపోతుంది. కంప్రెసర్ ముందున్న లిక్విడ్ ట్రాప్ మీద ఒక కన్నుండాలి. ద్రవం కంప్రెసర్ సిలిండర్‌లోకి పోతే వాల్వ్ ప్లేట్లు విరుగుతాయి. ట్యాంకర్ ప్రెజర్ ఒకటిన్నర కేజీ దగ్గరకు రాగానే ఆపెయ్యాలి. ఆశకు పోయి ఇంకా లాగితే లోపలికి గాలి చొరబడే పరిస్థితి వస్తుంది.

అపోహ: లీకైతే వాసనే చెబుతుంది, తెల్లటి పొగ ఉన్నంతవరకే గ్యాసు.

వాసన కోసం కలిపేది ఇథైల్ మెర్కాప్టాన్. కాసేపు పీలిస్తే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. కొన్ని పరిశ్రమలకు వాసన కలపని ప్రొపేనే వస్తుంది. ఇక ఆ తెల్లటి మబ్బు గ్యాసు కాదు, చలికి గాలిలోని తేమ గడ్డకట్టిన రూపం. గ్యాసు దాన్ని దాటి కనిపించకుండా ఇంకా ముందుకు పోయి ఉంటుంది. గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి కాలువల్లో, కేబుల్ ట్రెంచీల్లో దాక్కుంటుంది. 1997 సెప్టెంబర్ 14 ఉదయం విశాఖ రిఫైనరీలో ఓడ నుంచి ఎల్‌పీజీ దించుతుండగా లీకైన గ్యాసు మబ్బులా పరుచుకుని అంటుకుంది. సుమారు 60 మంది చనిపోయారు. గ్యాస్ డిటెక్టర్‌ను నడుము ఎత్తులో పట్టుకుని తిరిగితే ప్రయోజనం లేదు, నేలకు జానెడు ఎత్తులో పట్టుకోవాలి.

అపోహ: మంట వస్తే ముందు ఆర్పెయ్యాలి. సేఫ్టీ వాల్వ్ లేచిందంటే ట్యాంకు పేలదు.

రెండూ తప్పే. వాల్వ్ మూసి గ్యాసును ఆపగలిగితేనే మంట ఆర్పాలి. ఆపలేనప్పుడు ఆర్పితే పోతున్న గ్యాసు మబ్బవుతుంది, ఇంకోచోట ఒక్కసారిగా అంటుకుంటుంది. మండనిస్తూ ట్యాంకుకు నీళ్లు కొట్టాలి. చదరపు మీటరుకు నిమిషానికి 10 లీటర్ల చొప్పున కావాలి.

1966 జనవరి 4న ఫ్రాన్స్‌లోని ఫేజాఁలో ప్రొపేన్ గోళం అడుగున నీళ్లు తీస్తుంటే వాల్వ్ గడ్డకట్టి మూసుకోలేదు. గ్యాసు రోడ్డు మీదికి పోయి కారు వల్ల అంటుకుంది. సేఫ్టీ వాల్వ్ కాపాడుతుందిలే అని మంటల్లోని గోళాన్ని వదిలి పక్క గోళాలకు నీళ్లు కొట్టారు. గోళం పేలిపోయింది. మొత్తం 18 మంది చనిపోయారు. సేఫ్టీ వాల్వ్ ప్రెజర్‌ను తగ్గిస్తుందే తప్ప, ద్రవం తగలని పై భాగంలో కాలి మెత్తబడిన ఉక్కును గట్టిపరచలేదు. నీళ్లు మొదట అక్కడే పడాలి.

అపోహ: ఇంజిన్ ఆపాడు కదా, డ్రైవర్ కేబిన్‌లో కునుకు తీస్తే ఏం?

రాత్రంతా నడిపి వచ్చిన మనిషికి విశ్రాంతి కావాల్సిందే, అయితే అది షెడ్డు బయట గదిలో. కేబిన్‌లో ఫోన్ ఛార్జింగు, ఫ్యాను అన్నీ బ్యాటరీ మీదే. మాస్టర్ స్విచ్ ఆపించి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, తాళంచెవి ప్లాంట్ ఆపరేటర్ తీసుకోవాలి. హోస్ తగిలి ఉండగా బండి కదిలే ప్రమాదాన్ని తప్పించేది ఆ తాళంచెవే. హోస్ స్టాండు మీదికి ఎక్కి, వాల్వ్ మూతులకు క్యాపులు బిగించి, సబ్బు నీళ్లకు బుడగ రాకపోతే అప్పుడు ఎర్తింగ్, ఆ తర్వాత దిమ్మెలు తియ్యాలి. బండి చుట్టూ ఒకసారి నడిచి డిటెక్టర్ సున్నా చూపించాక తాళంచెవి డ్రైవర్ చేతికివ్వాలి.