ఢిల్లీ రాత్రుల లెక్క: నిరాశ్రయుల ఆశ్రయ హక్కు వెనుక పాతికేళ్ల నేపథ్యం

జనాభా లెక్కల సిబ్బంది ఇంటింటికీ తిరిగే పని పూర్తి చేసిన తరువాత, ఫిబ్రవరి 28 రాత్రి ఇళ్లు లేనివారి కోసం వీధుల్లోకి వస్తారు. రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, హ్యూం పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ల మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద తలదాచుకున్న వారందరినీ ఆ ఒక్క రాత్రిలోనే లెక్కించాలి. 2011లో అలా తేలిన నిరాశ్రయులు దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది, వారిలో పట్టణాల్లో ఉన్నవారు 9.38 లక్షల మంది. ఢిల్లీలో 46,724 మంది ఉన్నట్టు రాసుకున్నారు. అదే నగరంలో పదకొండేళ్ల ముందు కార్యకర్తలు సొంతంగా లెక్క తీసినప్పుడు 52,765 మంది కనిపించారు. పదకొండేళ్లలో ఢిల్లీ జనం ఎంత పెరిగారో తెలిసినవారు ఎవరూ ఈ తగ్గుదలను నమ్మరు. నిరాశ్రయుల కోసం సాగిన పోరాటానికి మొదటి నుంచీ ఈ లెక్కే కేంద్రం, ఎందుకంటే ఎన్ని ఆశ్రయాలు కట్టాలో, ఎన్ని దుప్పట్లు కొనాలో నిర్ణయించేది ఆ సంఖ్యే.

2000లో యాక్షన్ ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో ఢిల్లీలో ఆశ్రయ్ అధికార్ అభియాన్ (ఆశ్రయ హక్కు ఉద్యమం) ఏర్పడింది. అందులోని కార్యకర్తలు ముందుగా చేసిన పని రాత్రిపూట వీధులు తిరిగి లెక్క తీయడం. ఆ లెక్కలో తేలిన 52,765 మందీ తమ కంటికి కనిపించినవారు మాత్రమేనని, కనిపించని ప్రతి మూలలోనూ మరికొందరు ఉంటారని, వారిని కూడా కలిపితే నగరంలోని నిరాశ్రయులు లక్షకు చేరతారని వారు అప్పుడే చెప్పారు. ఆడవాళ్ల విషయంలో ఈ మాట మరింత నిజం. చీకటి పడ్డాక ఎవరి కంటా పడకుండా ఉండడమే వారికి రక్షణ కాబట్టి, టార్చిలైటు పట్టుకుని వచ్చేవారికి వారు కనిపించడం అరుదు.

ఆ లెక్క వల్ల మరొక నిజం బయటపడింది. వీధిలో పడుకునేవారిలో ఎక్కువ మంది పని చేసుకుని బతికేవారు. పాత ఢిల్లీలో రిక్షా తొక్కేవారు, ఖారీ బావ్లీ దుకాణాల్లో మసాలా బస్తాలు మోసేవారు, పెళ్లిళ్ల సీజనులో వడ్డనకు వెళ్లేవారు పగలంతా ఒళ్లు వంచి, రాత్రికి జామా మసీదు పరిసరాల్లో రజాయి (దూది దుప్పటి) అద్దెకు తీసుకుని పడుకునేవారు. చలి ముదిరిన కొద్దీ ఆ అద్దె కూలి డబ్బుల్లోంచే పోవాలి. దానికి చేతిలో డబ్బు లేనివారు చెత్త కాగితాలు కాల్చిన మంట చుట్టూ తెల్లారేదాకా కూర్చునేవారు.

చట్టం మాత్రం వారిని పనివారిగా చూడలేదు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టాన్ని ఢిల్లీకి కూడా వర్తింపజేశారు. చేయి చాచి అడిగినవారిని మాత్రమే కాక, బతుకుతెరువు ఏదీ కనిపించకుండా బహిరంగ ప్రదేశంలో తిరిగేవారిని సైతం అది బిచ్చగాళ్లుగా నిర్వచించింది. మొదటిసారి పట్టుబడితే ఏడాది నుంచి మూడేళ్లు, మళ్లీ మళ్లీ పట్టుబడితే పదేళ్ల దాకా నిర్బంధించవచ్చు. కూలి దొరకని రోజున ఫుట్‌పాత్ మీద కూర్చున్న మనిషికి ఈ నిర్వచనం సరిగ్గా సరిపోతుంది. ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టు 8న ఈ చట్టంలోని ప్రధానమైన సెక్షన్లను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అప్పటికి ఆ చట్టం పుట్టి 59 ఏళ్లు.

వీధుల్లో ఉండేవారి సంఖ్య దానంతటదే పెరగలేదు. 2004లో యమునా పుష్తాలో, అంటే నది గట్టున దశాబ్దాలుగా ఉన్న బస్తీలలో వేలాది గుడిసెలను కూల్చివేశారు. పాత కాగితాలు చూపగలిగినవారికి మాత్రం నగరం శివార్లలో స్థలాలు ఇచ్చారు. పని ఉన్న చోటికీ ఆ శివార్లకూ మధ్య దూరాన్ని రోజూ భరించలేక కొందరు, కాగితాలు లేక మరికొందరు అదే నది ఒడ్డున ఆకాశం కిందే ఉండిపోయారు. నిరాశ్రయుల ప్రశ్నను దానధర్మాల ప్రశ్నగా చూసేవారు కూల్చివేతలకు చెందిన ఈ చరిత్రను చదవాలి.

అసలు మలుపు 2009 డిసెంబరులో వచ్చింది. కామన్వెల్త్ క్రీడల కోసం నగరాన్ని ముస్తాబు చేస్తున్న ఆ శీతాకాలంలో, పూసా రోడ్డు కూడలి దగ్గర నిరాశ్రయులు ఉంటున్న డేరాను నగరపాలక సంస్థ డిసెంబరు 22న తొలగించింది. చలి తీవ్రంగా ఉన్న రోజులవి. డేరా పోయిన తరువాత అక్కడ మరణాలు సంభవించాయని పత్రికల్లో రావడంతో హైకోర్టు 2010 జనవరిలో తనంతట తానే కేసు చేపట్టి, ఆశ్రయాన్ని తిరిగి ఏర్పాటు చేయాలని ఆదేశించింది. 2008లో ఏర్పడిన షహరీ అధికార్ మంచ్ వంటి వేదికల్లోని కార్యకర్తలు వీధుల నుంచి సమాచారం తెచ్చి కోర్టుల ముందు పెట్టారు.

2010 జనవరిలోనే ఈ విషయం మరో దారిలో సుప్రీంకోర్టుకు చేరింది. ఆ దారిని తెలుగువారు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. 2001లో పౌర హక్కుల ప్రజా సంఘం వేసిన ఆహార హక్కు కేసులో, తన ఆదేశాల అమలును చూడడానికి కోర్టు 2002లో ఇద్దరు కమిషనర్లను నియమించింది. ఒకరు ఎన్.సి. సక్సేనా, మరొకరు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెట్టిచాకిరీ నిర్మూలనకు పాటుపడిన ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్. శంకరన్ తప్పుకున్న తరువాత ఆ బాధ్యతలోకి హర్ష్ మందర్ వచ్చారు. 2010 జనవరి 13న సక్సేనా, మందర్ చలి మరణాల గురించి కోర్టుకు లేఖ రాశారు. తిండి గురించిన కేసులో గూడు గురించి అడగడం వింతగా తోచవచ్చు. కాని సరైన తిండి లేక చిక్కిన శరీరమే చలికి ముందుగా లొంగుతుంది కాబట్టి, ఆకలిని చలి నుంచి విడదీసి చూడడానికి వీల్లేదు. జనవరి 20న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రభుత్వాన్ని వెంటనే ఆశ్రయాలు ఏర్పాటు చేయమంది. ఆ ఏడాదే విచారణను మిగతా రాష్ట్రాలకూ విస్తరించి, పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక్కటి చొప్పున, ఏడాది పొడవునా తెరిచి ఉండే ఆశ్రయం ఉండాలన్న ప్రమాణాన్ని నిలబెట్టింది.

2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఈ ప్రమాణాన్ని పథకంగా మార్చింది: లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపోయే శాశ్వత ఆశ్రయం, మనిషికి 50 చదరపు అడుగుల చోటు. అమలు మాత్రం మందకొడిగానే సాగింది. నిధులు ఉన్నా ఆశ్రయాలు ఎందుకు లేవో తేల్చడానికి సుప్రీంకోర్టు 2016 నవంబరులో జస్టిస్ కైలాష్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేయవలసి వచ్చింది. ఢిల్లీలో కట్టిన ఆశ్రయాలకు కూడా భద్రత దక్కలేదు. సరాయ్ కాలే ఖాన్ దగ్గరి ఆశ్రయాన్ని 2023 ఫిబ్రవరిలో కూల్చివేశారు.

కోర్టు తీర్పులంతగా చర్చకు రాని మరో విజయం ఓటు హక్కు. చిరునామా రుజువు లేని నిరాశ్రయుడు ఓటరుగా దరఖాస్తు చేస్తే, బూత్ స్థాయి అధికారి అతను చెప్పిన చోటికి రాత్రిపూట, ఒకటి కంటే ఎక్కువసార్లు వెళ్లి, అతను నిజంగా అక్కడే పడుకుంటున్నాడని చూసుకుంటే చాలు. కాగితం అడగకూడదన్నది ఎన్నికల సంఘం నియమం. ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న మనిషి దగ్గరికి లాఠీ పట్టుకుని కాక, అతని పేరు రాసుకోవడానికి ప్రభుత్వం వెళ్లే సందర్భం ఇది.

హైదరాబాద్ ఈ చరిత్రకు బయట లేదు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు నగరంలో భిక్షాటనను నిషేధించి, వీధుల్లోని వారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ప్రాంగణాల్లోని ఆశ్రమాలకు తరలించారు. 2011 లెక్కల ప్రకారం గ్రేటర్ జనాభా 67 లక్షలు దాటింది, అంటే సుప్రీంకోర్టు ప్రమాణం ప్రకారం అప్పటికే 67 ఆశ్రయాలు ఉండాలి. నగరం ఆ సంఖ్యకు చాలా దూరంలోనే ఉండిపోయింది. ఉస్మానియా, నిలోఫర్ ఆసుపత్రుల బయట చాప పరుచుకుని పడుకునే రోగుల బంధువులను చూసినవారికి ఆ దూరం ఎంతో వేరే చెప్పనక్కరలేదు. 2011 తరువాత జరగవలసిన జనాభా లెక్కలు వాయిదా పడి 2027కు చేరాయి కాబట్టి, ఇన్నేళ్లుగా ఈ ఫుట్‌పాత్‌ల మీదికి వచ్చి చేరిన వారెవరూ ఇప్పటివరకు ఆ లెక్కలోకి ఎక్కలేదు.