శిక్ష పేరు మఠవాసం: 'ఎల్ క్లబ్' వెనకున్న చిలీ

పోప్ ఫ్రాన్సిస్ 2025 ఏప్రిల్‌లో కన్నుమూశాక, ఆయన ఖాతాలో చిలీ పద్దును, అంటే అక్కడి ఫాదర్ల లైంగిక నేరాల విషయంలో ఆయన నడుచుకున్న తీరును, ఎటు రాయాలన్న వాదన మళ్లీ లేచింది. అది అర్థం కావాలంటే చిలీ దర్శకుడు పాబ్లో లరైన్ 2015లో తీసిన సినిమా 'ఎల్ క్లబ్' చూడాలి. లా బోకా అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఒక ఇల్లు, అందులో తప్పు చేశారని చర్చి పక్కన పెట్టిన నలుగురు ఫాదర్లు, వాళ్లను కనిపెట్టుకుని ఉండే సిస్టర్ మోనికా. బయటికి వెళ్లేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. తాము పెంచిన రేసు కుక్క పరుగెత్తుతుంటే దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూసుకుంటారు. ఒకడు పిల్లల జోలికి వెళ్లినవాడు, ఒకడు సైన్యంలో పనిచేసి నియంతృత్వపు రహస్యాలు కడుపులో దాచుకున్నవాడు, మరొకడు తల్లుల దగ్గర్నుంచి బిడ్డల్ని తీసి కలవారికి అప్పగించినవాడు. నాలుగోవాడు ఏం చేసి వచ్చాడో ఎవరికీ తెలియదు.

ఇది గాల్లోంచి పుట్టిన ఇల్లు కాదు. లా సెరేనా మాజీ ఆర్చిబిషప్ ఫ్రాన్సిస్కో కోక్స్ లైంగిక వేధింపుల ఆరోపణల తర్వాత జర్మనీలో తలదాచుకున్న చోటు ఫోటో చూశాకే ఈ ఆలోచన తట్టిందని లరైన్ చెప్పాడు.

అయితే అసలు మలుపు 2011. ఫెర్నాండో కరదిమా శాంటియాగోలో డబ్బున్నవాళ్ల ఎల్ బోస్కే చర్చికి దశాబ్దాలపాటు విచారణ గురువు, అంటే ఆ చర్చి బాధ్యత చూసే ఫాదర్. ఆయన మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు 2003లోనే ఆర్చిబిషప్ ఎర్రాసురిస్‌కు అందింది. ఫైలు రోమ్ చేరింది 2010లో, అదీ బాధితులు టీవీలో నోరు విప్పాక. 2011 ఫిబ్రవరిలో వాటికన్ తీర్పు బయటపడింది: నేరం రుజువైంది, శిక్ష 'ప్రార్థన, ప్రాయశ్చిత్తాల జీవితం'. అదే నవంబరులో చిలీ జడ్జి కూడా ఆరోపణలు నమ్మదగినవేనన్నారు, కానీ కాలపరిమితి దాటిందని కేసు మూసేశారు. రెండు చోట్లా తప్పు తేలింది, ఆ మనిషి మాత్రం నగరంలోనే ఒక కన్యస్త్రీల మఠానికి మారాడు.

ఆ శిక్ష నడిచే తీరు చూడండి. జనం ముందు దివ్యబలిపూజ చేయకూడదు, పాపసంకీర్తనం (భక్తులు తమ పాపాలు చెప్పుకోవడం) వినకూడదు, పాత శిష్యుల్ని కలవకూడదు, చెప్పిన ఇంట్లోనే ఉండాలి. గీత దాటితే అది అవిధేయత అవుతుంది గానీ పోలీసు కేసు అవదు. గేటు దగ్గర కాపలా ఉండదు. కనిపెట్టుకోవాల్సిన సిస్టర్లేమో జీవితమంతా ఫాదర్ మాటకు తలొగ్గడం నేర్చినవాళ్లు. పక్కింటివాళ్లకు చెప్పే నియమమూ లేదు. సినిమాలో మోనికా ఇల్లు నడిపే పద్ధతి దీన్నే గుర్తుచేస్తుంది. గురుపట్టం తీసేసి, అంటే ఫాదర్ హోదా రద్దు చేసి, బయటికి పంపితే ఆ ముసలాయన మీద ఎవరి నిఘా ఉంటుందని చర్చి పెద్దలు అడుగుతారు. అడగాల్సిన మాటే. కానీ మఠంలో ఉన్నన్నాళ్లు ఆ నిఘా ఎంత గట్టిదో వాళ్లెప్పుడూ లెక్క చూపలేదు.

సినిమా 2015 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలిచింది. మరుసటి నెలలోనే చిలీలోని ఓసోర్నో కెథెడ్రల్‌లో కేకలు, తోపులాటల మధ్య, పోప్ ఫ్రాన్సిస్ నియమించిన హువాన్ బరోస్ మేత్రాణిగా (బిషప్‌గా) పీఠమెక్కారు. ఆయన కరదిమా శిష్యుడు. కళ్లముందే జరుగుతుంటే చూసి ఊరుకున్నాడన్నది బాధితుల మాట, కాదన్నది ఆయన మాట. 2018 జనవరిలో చిలీ వచ్చిన ఫ్రాన్సిస్ ఆధారం చూపండి, ఇదంతా అపనింద అన్నారు. బాధితుల్లో ఒకరైన హువాన్ కార్లోస్ క్రూస్ ఏళ్ల తరబడి చెబుతున్నది అప్పటికీ రోమ్ చెవికెక్కలేదు. నెల తిరగకముందే పోప్ ఆర్చిబిషప్ షిక్లూనాను విచారణకు పంపారు. 64 మంది సాక్ష్యం, 2,300 పేజీలు. ఏప్రిల్‌లో పోప్ తాను ఘోరంగా పొరబడ్డానని రాశారు, మే నెలలో చిలీ బిషప్పులంతా రాజీనామాలు చేతికిచ్చారు, జూన్‌లో బరోస్ దిగిపోయారు. ఫ్రాన్సిస్‌ను మెచ్చుకునేవాళ్లు కథను ఈ ఏప్రిల్ నుంచి మొదలుపెడతారు. ముందున్న మూడేళ్లను దాటేస్తే తప్ప ఆ లెక్క కుదరదు.

కరదిమాకు గురుపట్టం తీసేసింది 2018 సెప్టెంబరులో, అంటే మఠవాసం మొదలైన ఏడేళ్లకు. కోక్స్‌కు అదే ఏడు అక్టోబరులో. 2019 మార్చిలో శాంటియాగో అప్పీలు కోర్టు ముగ్గురు బాధితులకు తలా 10 కోట్ల పెసోలు చెల్లించమని ఆర్చిడయోసిస్‌ను ఆదేశించింది. అదే జులైలో పిల్లలపై లైంగిక నేరాలకు కాలపరిమితిని చిలీ చట్టం ఎత్తేసింది. అంతకుముందు జరిగిన నేరాలకు మాత్రం అది వర్తించదు.