పబ్లిక్ ఈవెంట్‌కి నగర అనుమతి: అపోహలు - వాస్తవాలు

ఈవెంట్లకు అనుమతులు తెచ్చిపెట్టడం నా వృత్తి. చాలామంది నా దగ్గరికి వచ్చేసరికే పోస్టర్లు అచ్చయి ఉంటాయి, స్టేజీ వాళ్లకు అడ్వాన్స్ కూడా వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు తీరిగ్గా పర్మిషన్ సంగతి అడుగుతారు. తేదీ, స్థలం ఖాయం చెయ్యకముందే అడగాల్సిన సంగతి అది. తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పార్కు బుక్ చేశాం కాబట్టి అనుమతి వచ్చినట్టే.

బుకింగ్ అయిందంటే ఆ రోజు ఆ చోటు మరొకరికి ఇవ్వరని, అంతే. అక్కడ మీరేం చేస్తారన్నది వేరే ఫైలు. రోడ్డు మూయాలంటే ట్రాఫిక్ వాళ్లు చూడాలి. టెంట్లు, జనరేటర్, గ్యాస్ పొయ్యిలు ఉంటే అగ్నిమాపక శాఖ చూడాలి. స్టేజీ బలంగా ఉందని ఇంజినీరు సంతకం కావాలి. తినుబండారాల స్టాళ్లకు ఆరోగ్య విభాగం, మైకుకు ఇంకో అనుమతి. సింగిల్ విండో ఉన్న నగరాల్లో దరఖాస్తు ఒక్కచోటే ఇస్తారు గానీ, లోపల ఫైలు ఆ టేబుళ్లన్నీ తిరగాల్సిందే. ఎక్కడో ఒకచోట ఆగిందంటే మొత్తం ఆగినట్టే.

పాటల హక్కుల సంగతి చాలామందికి తట్టదు. నగరం ఇచ్చే అనుమతి పాట హక్కులకు వర్తించదు. వాటి లైసెన్స్ హక్కుదారుల దగ్గరో, వాళ్ల సంఘాల దగ్గరో విడిగా తీసుకోవాలి.

అపోహ: దరఖాస్తుకు రసీదు ఇచ్చారు, ఎవరూ కాదనలేదు, అంటే సరేనన్నట్టే.

మౌనం అర్ధాంగీకారం అన్నది ఇక్కడ నడవదు. రసీదు మీ కాగితాలు అందాయని మాత్రమే చెబుతుంది. అనుమతి పత్రం చేతికొచ్చాక కూడా దాని వెనక ఉన్న షరతులు చదవండి. అసలు విషయమంతా అక్కడే ఉంటుంది.

అపోహ: వచ్చే జనాన్ని తక్కువ చేసి రాస్తే పని తేలిగ్గా అవుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా విసిగించేది ఇదే. టాయిలెట్లు, అంబులెన్సులు, వాలంటీర్లు, పోలీసులు అన్నీ మీరు రాసిన అంకెను బట్టే లెక్కగడతారు. వెయ్యి అని రాశాక మూడు వేలమంది వస్తే, ఆ ఏర్పాట్లన్నీ మూడో వంతుకే సరిపోతాయి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట తెరిచేది కూడా మీ దరఖాస్తే.

అసలు ఒక చోట ఎంతమంది పడతారన్నది ఊహించి చెప్పేది కాదు. మైదానం 50 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు అనుకోండి. మొత్తం 2,000 చదరపు మీటర్లు. స్టేజీ, దాని వెనక భాగం, స్టాళ్లు, అంబులెన్స్ దారి కలిపి 700 పోతే జనానికి మిగిలేది 1,300. చదరపు మీటరుకు ఇద్దరి చొప్పున 2,600 మంది. ఇప్పుడు గేటు లెక్క. బ్రిటన్‌లో స్టేడియాలకు వాడే భద్రతా మార్గదర్శకాల ప్రకారం, చదునైన దారిలో ఒక మీటరు వెడల్పు నుంచి నిమిషానికి 82 మందికి మించి బయటికి వెళ్లలేరు. రెండేసి మీటర్ల గేట్లు రెండుంటే అంతా బయటపడటానికి సుమారు 8 నిమిషాలు. అందులో ఒక గేటుకు అడ్డంగా కూల్‌డ్రింకుల వ్యాను ఆగిందా, 16 నిమిషాలు. ఫైలు చూసే అధికారి ముందు అడిగేది ఆ వ్యాను గురించే, మీ ముఖ్య అతిథి గురించి కాదు. అందుకే సైట్ ప్లాన్ స్కేలు ప్రకారం గీయండి. గూగుల్ మ్యాప్ స్క్రీన్‌షాట్ మీద ఎర్ర గీతలు గీసి పంపితే తిరిగొస్తుంది.

అపోహ: బయటి మైదానంలో రద్దీ ప్రమాదం ఉండదు.

చదరపు మీటరుకు నలుగురు దాటితే నడవడం కష్టమవుతుంది. ఆరుగురు దాటితే ఎవరూ తన ఇష్టప్రకారం కదలలేరు, గుంపు ఎటు నెడితే అటే. అలాంటి చోట ప్రాణాలు పోయేది ఎక్కువగా కాళ్ల కింద పడి కాదు, నిలబడి ఉండగానే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక. పైన ఆకాశం ఉందా కప్పు ఉందా అన్నదానితో పనిలేదు. లోపలికీ బయటికీ దారులు వేరుగా ఉన్నాయా లేదా అన్నది చూడాలి.

అపోహ: అనుమతి ఇచ్చారంటే ఇక బాధ్యత వాళ్లదే.

జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో 2010 జులై 24న లవ్ పరేడ్ అనే సంగీత ఉత్సవం జరిగింది. దానికి అనుమతి ఉంది. కానీ వచ్చేవాళ్లూ వెళ్లేవాళ్లూ ఒకే ర్యాంప్ మీద ఎదురుపడ్డారు. 21 మంది చనిపోయారు. తర్వాత నగర ఉద్యోగులతో పాటు నిర్వాహక సంస్థ సిబ్బంది మీదా కేసులు నడిచాయి. 2020లో శిక్షలేవీ లేకుండానే విచారణ ముగిసింది, అది వేరే సంగతి. సంతకం పడినంత మాత్రాన ప్లాన్‌లోని లోపం మాయం కాదు.

అపోహ: నిర్వాహకులంటూ ఎవరూ లేకపోతే అనుమతితో పనిలేదు.

"అందరూ వాళ్లంతట వాళ్లే వస్తారు, మేం పోస్టు పెడతాం అంతే" అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. 2022 అక్టోబర్ 29న సియోల్‌లోని ఇతెవాన్‌లో హాలోవీన్‌కి వచ్చిన జనానికి నిర్వాహకులంటూ ఎవరూ లేరు. ఒక ఇరుకు సందులో చిక్కుకుని 150 మందికి పైగా చనిపోయారు. నిర్వాహకులు లేరు కాబట్టి రద్దీని ఎవరు చూడాలన్నదే ఆ తర్వాత పెద్ద ప్రశ్నయింది. ఎంట్రీ ఫ్రీ అయితే అనుమతి అక్కర్లేదన్న మాట కూడా ఇలాంటిదే. టికెట్ ఉంటే కనీసం ఒక గరిష్ఠ సంఖ్య ఉంటుంది, ఫ్రీ అయితే అదీ ఉండదు.

అపోహ: అధికారికి మన విషయం నచ్చకపోతే ఆపేయొచ్చు.

సమయం, స్థలం, శబ్దం మీద షరతులు పెట్టొచ్చు. ఇష్టాయిష్టాలను బట్టి కాదు. వీధుల్లో సభలకు పోలీసు అనుమతి విషయంలో హద్దూ అదుపూ లేని విచక్షణాధికారం చెల్లదని భారత సుప్రీంకోర్టు 1972లోనే హిమత్‌లాల్ షా కేసులో చెప్పింది. అమెరికాలో ఫోర్సిత్ కౌంటీ అనుమతి ఫీజును అధికారి తన అంచనా ప్రకారం 1,000 డాలర్ల దాకా పెంచుకునే వీలుండేది. 1992లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. నిజం చెప్పాలంటే, నేను చూసిన తిరస్కరణల్లో ఎక్కువ భాగం ద్వేషంతో కాదు, అసంపూర్ణమైన ఫైలుతో వచ్చినవే.

అపోహ: స్టేజీ వాళ్లు అనుభవజ్ఞులు, గాలివాన సంగతి వాళ్లే చూసుకుంటారు.

2011 ఆగస్టులో అమెరికాలోని ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో ఈదురుగాలికి స్టేజీ పైకప్పు కూలి ఏడుగురు చనిపోయారు. గాలి ఎంత వేగం దాటితే స్పీకర్లు దించాలి, ఎంత దాటితే జనాన్ని పంపేయాలి, ఆ మాట ఎవరు చెప్పాలి, ఇవన్నీ ముందే కాగితం మీద ఉండాలి. నిర్ణయించే మనిషి ఒక్కరే ఉండాలి. అది టికెట్లు అమ్మే మనిషి కాకపోతే మరీ మంచిది.

అపోహ: అనుమతి కార్యక్రమం జరిగే గంటలకు సరిపోతే చాలు.

స్టేజీ కట్టేదీ విప్పేదీ కూడా మీ ఈవెంటే. ఇన్సూరెన్స్ తేదీల్లో ఆ రోజులూ ఉండాలి, నగరం అడిగితే పాలసీలో దాని పేరూ చేర్పించాలి. పది గంటలకు పాట ఆపినంత మాత్రాన పదింటికే రోడ్డు తెరవలేరు. జనం పూర్తిగా వెళ్లేదాకా లారీలు లోపలికి రాలేవు. దరఖాస్తులో ఆ సమయం కలిపి రాయండి. సామాను దించకముందు ఒకసారి, ఎత్తాక ఒకసారి మైదానమంతా ఫోటోలు తీసి పెట్టుకోండి. డిపాజిట్ వెనక్కి అడిగేటప్పుడు, పచ్చికలో ఆ గుంత మీరు తవ్వింది కాదని వాటితోనే చూపించగలరు.