సున్నా వేరు, కబురు రాకపోవడం వేరు

పెన్నా ఎగువన కురిసిన వాన నెల్లూరులో ఉన్నవారి కంటికి కనిపించదు. సోమశిల జలాశయానికి ఎంత నీరు చేరుతోందో, అక్కడి నుంచి ఎంత వదులుతున్నారో వేళకు తెలిస్తేనే దిగువ ఊళ్లు జాగ్రత్తపడగలవు. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర వరద రైలు కట్టను కోసేసిన సంగతి జిల్లావాసులకు ఇంకా గుర్తే. జలాశయంలోనైనా, కృష్ణపట్నం వంటి చోట నడిచే విద్యుత్కేంద్రంలోనైనా దూరాన ఉన్న యంత్రాల స్థితిని ఒక గదిలో కూర్చుని చూస్తూ, అవసరమైనప్పుడు వాటిని అక్కడి నుంచే నడిపించే ఏర్పాటును స్కాడా అంటారు. దాని గొప్పతనం చాలామంది అనుకునే వేగంలో లేదని, తనకు ఏ సంగతి తెలియడం లేదో అది దానికి తెలిసి ఉండడంలోనే ఉందని నా నమ్మకం.

ఒక జలాశయంలో 0 నుంచి 30 మీటర్ల వరకు నీటిమట్టాన్ని కొలిచే సెన్సర్ ఉందనుకుందాం. అది తన కొలతను తీగలో ప్రవహించే చిన్న కరెంటుగా చెబుతుంది: నీరు లేకపోతే 4 మిల్లీ ఆంపియర్లు, 30 మీటర్లుంటే 20, సగానికి, అంటే 15 మీటర్లకు, 12. తీగ పొడవు పెరిగేకొద్దీ వోల్టేజి తగ్గవచ్చు గానీ, ఒకే వలయంలో పారే కరెంటు అంతటా ఒకేలా ఉంటుంది కనుక ఈ పద్ధతిని ఎంచుకున్నారు. మరి 0తో కాక 4తో ఎందుకు మొదలుపెట్టారు? ఎలుక కొరికి తీగ తెగితే కరెంటు 0 అవుతుంది. నీరు లేకపోవడానికీ తీగ తెగడానికీ ఒకే అంకె వస్తే అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

గట్టు మీది పెట్టెలో ఉండే ఆర్‌టీయూ (రిమోట్ టెర్మినల్ యూనిట్) అనే పరికరం ఆ కరెంటును అంకెగా మార్చి దాచుకుంటుంది. 1979లో వచ్చి నేటికీ విస్తృతంగా వాడుకలో ఉన్న మోడ్‌బస్ అనే యంత్రాల భాషలోనైతే, నియంత్రణ కేంద్రం అడిగితేనే అది జవాబిస్తుంది. ‘ఒకటో నంబరు పరికరమా, ఫలానా రిజిస్టర్‌లో (అంకె దాచిన గడిలో) ఏముంది’ అన్న ప్రశ్న మొత్తం ఎనిమిది బైట్లే. 15 మీటర్లను సెంటీమీటర్లలో 1500గా పంపితే, అది 5, 220 అనే రెండు బైట్లుగా వెళ్తుంది (5ను 256తో గుణించి 220 కలిపితే 1500). దారిలో ఒక్క బిట్ తారుమారై 5 కాస్తా 7 అయితే కేంద్రానికి 20.12 మీటర్లు కనిపిస్తుంది. లేని వరద వచ్చిపడినట్టే. అందుకే ప్రతి సందేశం చివర, ముందున్న బైట్లన్నిటి నుంచి లెక్కగట్టిన రెండు బైట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. అందినచోట మళ్లీ లెక్కవేసి, పొసగకపోతే ఆ సందేశాన్ని పారేస్తారు.

ప్రయాణ మార్గాలు అనేకం: ఆర్‌ఎస్-485 తీగైతే సుమారు 1200 మీటర్ల వరకు, ఆపై రేడియో, ఫైబర్, మొబైల్ నెట్‌వర్క్. సిగ్నల్ అందని కొండల్లో 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహమే దిక్కు, కాకపోతే అడిగి జవాబు పొందేసరికి దాదాపు అర సెకను పడుతుంది. ఇటువంటి దారుల్లో పదేపదే అడగడం దండగ కనుక, 1990లలో రూపుదిద్దుకున్న డీఎన్‌పీ-3 వంటి భాషల్లో మార్పు వచ్చినప్పుడే కబురు పంపే వీలు కల్పించారు. లింకు తెగినా జరిగినవాటిని సమయంతో సహా దాచి, తిరిగి కలిశాక వరుసగా అప్పజెబుతారు. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోయినప్పుడు, నీటిలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ ఆగింది ముందా, కరెంటు పోయింది ముందా అన్నది ఆ సమయాలను చూస్తేనే తేలుతుంది.

ఆజ్ఞల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. మూడో గేటు ఎత్తాలంటే ముందు ‘మూడో గేటును ఎంచుకున్నాను’ అని పంపి, అటు నుంచి అదే మాట తిరిగి వచ్చాకే ‘ఎత్తు’ అని పంపే పద్ధతి ఉంది. అయితే మొదటి తరం మోడ్‌బస్‌కు అడిగేవారెవరో గుర్తుపట్టే శక్తి లేదు. దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు కలపడం తలుపు తీసి నిద్రపోవడమే.

కబురు ఆగినప్పుడు తెర మీద పాత అంకెను అలాగే వదిలేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మంచి వ్యవస్థలో ఆ అంకె రంగు మారి, అది ఎప్పటిదో పక్కనే కనిపిస్తుంది. దాన్ని చూసిన ఉద్యోగి వెంటనే గట్టు మీది లస్కరుకు ఫోను చేస్తాడు; ఆయన టార్చిలైటు పట్టుకుని మెట్లు దిగి, గోడ మీది గేజిలో నీరు ఏ గీత దగ్గరుందో చూసి చెబుతాడు.